పెరట్లో నేల తవ్వే ఒంటరి కందిరీగలు: గుర్తుపట్టడం, చోటివ్వడం, గమనించడం

ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక కుప్పలోనో, ఎండిపోయిన పూలకుండీలోనో, అరుగు పక్కన ఎర్రమట్టిలోనో పెన్సిల్ దూరేంత రంధ్రం, దాని ముందు కొత్తగా తవ్విపోసిన మట్టి కనిపిస్తే చాలామంది కిరోసిన్ పోస్తారు, లేదా కాలితో కప్పేస్తారు. రెండూ అక్కర్లేదు. అలాంటి రంధ్రం తవ్వింది సాధారణంగా ఒకే ఒక్క ఆడ కందిరీగ. దానికి రాణి లేదు, కూలీలు లేరు, కాపలా లేదు. గూడు తవ్వడం, వేటాడటం, గుడ్డు పెట్టడం, మూత పెట్టడం అన్నీ అదొక్కటే చేసుకోవాలి. అది చస్తే గూడు నిలబెట్టేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి మనిషి మీదికి రావడం దానికి లాభం లేని పని. చేత్తో పట్టుకున్నా, ఉత్తకాలితో తొక్కినా కుడుతుంది, అంతే. మగవి అసలు కుట్టలేవు. కందిరీగ కొండి గుడ్లు పెట్టే అవయవం మారి ఏర్పడింది, మగవాటికి అది ఉండదు.

ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి. పది అడుగుల దూరంలో నిలబడి పది నిమిషాలు చూడండి. ఒక రంధ్రంలోకి ఒకే కందిరీగ వచ్చిపోతుంటే అది ఒంటరిదే. పక్కపక్కన ఇరవై రంధ్రాలున్నా, ఒక్కోదానికి ఒక్కో కందిరీగ ఉంటే అవన్నీ ఒంటరివే. మంచి ఇసుక దొరికిన చోట ఇరుగుపొరుగుగా తవ్వుకుంటాయి, కానీ ఎవరి సంసారం వాళ్లదే. అలా కాకుండా ఒకే రంధ్రంలోంచి వరసగా చాలా కందిరీగలు వచ్చిపోతుంటే వెనక్కి తగ్గండి. నడుము కింద ఒకే వెడల్పాటి పసుపు పట్టీ ఉండి మిగతా ఒళ్లు చాలావరకు నలుపుగా ఉండే వెస్పా ట్రోపికా అనే పెద్ద కందిరీగ నేలలోని బొరియల్లోనూ గూడు పెడుతుంది. దాని గూడు దగ్గరికి వెళితే గుంపుగా మీద పడతాయి. ఇక్కడ రాసిందేదీ దానికి వర్తించదు. చూరుకు వేలాడే కాగితపు తుట్టెల కందిరీగలకూ వర్తించదు.

వేటను బట్టి పోల్చుకోవడం

రంగుల్ని బట్టి పోల్చుకోవడం కష్టం. నోట్లో ఏం తెస్తోందో చూస్తే సగం పని అయిపోతుంది, ఎందుకంటే ప్రతి జాతీ తన పిల్లలకు ఒకే రకం పురుగుల్ని పెడుతుంది.

పొడుగు మీసాల పచ్చమిడతను మీసాలు పట్టుకుని ఈడ్చుకొచ్చేది స్ఫెక్స్. అంగుళం వరకు ఉంటుంది, నల్లగా, మొహం మీద వెండి రంగు నూగుతో. కీచురాయి వెంటపడేది, ఆకుపచ్చ నీలం కలిసి లోహంలా మెరిసేది క్లోరియన్ లోబాటమ్; మన దేశంలో ఒకసారి చూస్తే మరిచిపోలేని కందిరీగ ఇది. దారంలాంటి సన్నని నడుము, పొట్ట మీద ఎరుపు, కడుపు కింద పొడవుగా పట్టుకున్న గొంగళిపురుగు కనిపిస్తే అమ్మోఫిలా. ఏటి తిన్నెల్లో, సముద్రపు ఒడ్డు ఇసుకలో ముందుకాళ్లతో ఇసుకను వెనక్కి చిమ్ముతూ, ఈగల్నీ జోరీగల్నీ పట్టితెచ్చేది బెంబిక్స్. ముక్కుపురుగుల్ని తెచ్చేవి సెర్సెరిస్ జాతుల్లో చాలా ఉన్నాయి. రెక్కలు టపటపలాడిస్తూ నేల మీద పరుగులు పెట్టి, ఒక్క సాలీడును వెనక్కి నడుస్తూ లాక్కెళ్లేవి సాలీడు వేట కందిరీగలు. ఇవి వేరే కుటుంబం, కానీ వీటిలోనూ చాలావరకు నేల తవ్వేవే.

గోడ మీద, ఫ్యాను రెక్క మీద, స్విచ్‌బోర్డు వెనక మట్టిగూడు కట్టేది తవ్వే రకం కాదు. దాని పేర్లలో మన తీరం ఉంది: ఒక జాతి సెలిఫ్రాన్ మద్రాస్పటానమ్, 1781లో పేరు పెట్టారు, ఇంకొకటి సెలిఫ్రాన్ కోరమాండెలికమ్. అవి సాలీళ్లను నింపుతాయి.

గూటి పని ఎలా సాగుతుంది

తవ్వేటప్పుడు రెక్కలు ముడిచే ఉంటాయి, అయినా జుయ్యిమని గట్టి మోత వస్తుంది. ఎగిరే కండరాలను కదిలించి ఆ అదురును దవడల ద్వారా మట్టికి పట్టిస్తుంది. గట్టిగా పట్టుకున్న మట్టి వదులైపోతుంది. వదులైన దాన్ని ముందుకాళ్ల మీది ముళ్ల వరసతో వెనక్కి లాగుతుంది. అమ్మోఫిలా మాత్రం మట్టి ఉండను దవడల్లో పట్టుకుని ఎగిరి కొంత దూరంలో పారేస్తుంది, అందుకే దాని గూటి ముందు కుప్ప కనిపించదు. కుప్ప లేదు కాబట్టి పాత రంధ్రం అనుకోకండి.

అమ్మోఫిలా గూడు చిన్నది: కొన్ని అంగుళాల లోతు, చివర ఒకే గది. స్ఫెక్స్ లోతుగా తవ్వి, ప్రధాన సొరంగం నుంచి పక్కలకు గదులు తీస్తుంది. ఒక గదికి ఒక గుడ్డు. స్ఫెక్స్ గదిలో ఒకటి నుంచి కొన్ని మిడతలు, బెంబిక్స్ గదిలో పిల్ల పెరిగే కొద్దీ అనేక ఈగలు పడతాయి. బెంబిక్స్‌ది ప్రత్యేకమైన పద్ధతి: మిగతావి ఆహారమంతా ఒకేసారి నింపి మూసేస్తే, ఇది పిల్ల తింటున్న కొద్దీ తాజా ఈగలు తెచ్చి పెడుతుంది. కాబట్టి బెంబిక్స్ తల్లి మధ్యలో చస్తే లోపలి పిల్లా చస్తుంది. ఈ ఒక్క కారణానికైనా దాన్ని వలతో పట్టకూడదు.

వేటను సాధారణంగా చంపదు. కొండితో నరాల ముడుల దగ్గర విషం ఎక్కించి కదలకుండా చేస్తుంది. చచ్చినది ఎండకు రెండు రోజుల్లో కుళ్లిపోతుంది. ఇది పిల్ల తినేదాకా తాజాగా ఉంటుంది. గుడ్డు వెచ్చటి నేలలో రెండు మూడు రోజుల్లో పగులుతుంది, పిల్ల సుమారు వారం పాటు తిని పట్టుగూడు అల్లుకుంటుంది. తింటున్నంతసేపూ మలం విసర్జించదు, అందుకే మూసిన గదిలో తిండి పాడవదు. చాలా జాతుల్లో ఆ పట్టుగూటిలోనే నెలల తరబడి ఉండి, మళ్లీ తమ కాలం వచ్చాకే బయటపడతాయి.

భ్రమర కీటక న్యాయం చెప్పేటప్పుడు కందిరీగ గొంగళిపురుగును తెచ్చి గూట్లో పెట్టి, చుట్టూ ఝంకారం చేస్తే అది కందిరీగగా మారిపోతుందంటారు. చూసినవాళ్లు చూసింది నిజమే: లోపలికి పోయింది పురుగు, బయటికి వచ్చింది కందిరీగ. మధ్యలో పురుగు మీద పెట్టిన గుడ్డు మాత్రం వాళ్ల కంటపడలేదు.

తల్లి గుడ్డుకు వీర్యం అందిస్తే ఆడది, అందించకపోతే మగది పుడుతుంది. ఆడపిల్లకు సాధారణంగా ఎక్కువ తిండి పెడుతుంది. రేపు తవ్వాల్సింది, మోయాల్సింది అదే.

స్ఫెక్స్ గూటి ముందు జరిగేది దగ్గరగా చూడాలి. మిడతను మీసాలు పట్టి లాక్కొచ్చి, రంధ్రం అంచున వదిలేస్తుంది. ఒంటరిగా లోపలికి దిగి, తిరిగి తల బయటపెట్టి, మీసాలు దొరకబుచ్చుకుని లోపలికి లాగేస్తుంది. అది లోపల ఉన్నప్పుడు ఎవరైనా మిడతను రెండు అంగుళాలు జరిపితే, మళ్లీ అంచుకు తెచ్చి, మళ్లీ ఒంటరిగా దిగి చూస్తుంది. ఫ్రాన్స్‌లో కీటకాల పరిశోధకుడు ఫాబ్ర్ 19వ శతాబ్దంలో ఇది పదేపదే చేసి చూపించాడు. పురుగు బుద్ధిలేని యంత్రం అనడానికి ఇదే ఉదాహరణగా చాలాకాలం వాడారు. కానీ కొన్ని కందిరీగలు కొన్నిసార్లయ్యాక తనిఖీ మానేసి తిన్నగా లోపలికి లాక్కెళ్లడం ఫాబ్రే చూశాడు, ఆ సగం కథ ఎవరూ చెప్పరు. మీరూ ప్రయత్నించాలనుకుంటే ఒకటి రెండుసార్లకు మించవద్దు. వేట బయట ఉన్న ప్రతి నిమిషం చీమలకూ ఈగలకూ అవకాశమే.

మూత వేయడం అన్నిటికంటే చూడదగ్గది. గులకరాళ్లు, మట్టి ఉండలు ఏరి తెచ్చి రంధ్రంలో వేసి, తలతో కుదిస్తూ అదురు పుట్టిస్తుంది. కొన్ని అమ్మోఫిలాలు చిన్న రాయిని దవడల్లో పట్టుకుని దానితోనే మట్టిని దట్టిస్తాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పెక్హమ్ దంపతులు 1898లో ఇది వివరంగా రాశారు. పని పూర్తయ్యాక పైన చెత్తా ఇసుకా లాగి ఆనవాలు లేకుండా చేస్తుంది.

దీన్నిబట్టి గుర్తుంచుకోవాల్సింది: తెరిచి ఉన్న రంధ్రం పనిలో ఉన్నది, లేదా వదిలేసినది. మూసి, సదును చేసి, ఏమీ లేనట్టు కనిపించే చోటే పిల్లలున్న చోటు. రంధ్రాలు కనబడటం లేదు కదా అని ఇసుక తిరగేస్తే పోయేది వచ్చే ఏటి కందిరీగలన్నీ.

ఇసుక తిన్నె తయారీ

ఇంటి ముందంతా సిమెంటు చేసేశాక వీటికి మిగలనిది ఒక్కటే: ఎండ తగిలే, ఎవరూ కదపని ఉత్త నేల. నాలుగు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోపలికి ఉన్న చోటు చాలు. ఉదయం ఎండ పడే తూర్పు లేదా దక్షిణపు వైపు, చూరు నీళ్లు పడని చోట ఎంచుకోండి.

నాలుగు వైపులా ఇటుకలు పేర్చి వెనక పద్దెనిమిది అంగుళాలు, ముందు పన్నెండు అంగుళాలు ఎత్తు ఉండేలా చూడండి. ఆ వాలు వల్ల వాన నిలవదు. నల్లరేగడి నేల అయితే అడుగున మూడు అంగుళాలు ఇటుక ముక్కలు వేయాలి. రేగడి నీళ్లు పట్టుకుని ఎండకు పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లు గూళ్లను చీల్చేస్తాయి. ఎర్రనేల, దుబ్బనేల అయితే ఇటుక ముక్కలు వద్దు. నేలను ఒక పార లోతు గుల్ల చేసి దాని మీదే పోయండి, లోతుగా తవ్వే రకాలు కిందికి దిగగలుగుతాయి.

మిశ్రమం: సన్నని ఏటి ఇసుక మూడు పాళ్లు, జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు. ఇటుక ముక్కలు వేసిన తిన్నెకు పన్నెండు ఘనపుటడుగులు, అంటే ఇసుక తొమ్మిది, మట్టి మూడు. వేయకపోతే మొత్తం పదిహేను పడుతుంది. బరువు అర టన్ను దాటుతుంది కాబట్టి డాబా మీద ఈ కొలతతో కట్టవద్దు. అక్కడ అడుగున్నర వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీతో సరిపెట్టుకోండి, అవకాశం తక్కువే, కానీ అసలు లేకపోలేదు.

రోబో శాండ్ వాడకండి. రాయి పిండి కలిసి ఉంటుంది, తడిసి ఆరితే సిమెంటులా బిగుసుకుంటుంది. సముద్రపు ఇసుక తెచ్చిపోస్తే ఉప్పు సమస్య, పైగా మట్టి కలవనిదే గోడలు నిలవవు. ఎరువు, కంపోస్టు, కొబ్బరి పీచు అసలు కలపవద్దు. తేమ పట్టి బూజు వస్తుంది, బూజు గూళ్లలో పిల్లల్ని చంపుతుంది.

మిశ్రమం సరిపోయిందో లేదో ఇలా చూడండి. గుప్పెడు తడిపి గిన్నెలో దట్టించి పెన్సిల్‌తో నాలుగు అంగుళాల రంధ్రం చేసి ఎండబెట్టండి. ఆరాక గిన్నెను పక్కన తడితే రంధ్రం కూలిపోతే మట్టి ఇంకాస్త పెంచాలి. గోటితో గీకితే రాలకపోతే ఇసుక పెంచాలి.

ఆరు అంగుళాల పొరలుగా వేస్తూ, ప్రతి పొరా తడిపి కాళ్లతో తొక్కండి. చివరి పొర తర్వాత రెండు వారాలు ఆరనివ్వాలి. పైన సన్నపుల్లతో వాలుగా రెండు అంగుళాల లోతు రంధ్రాలు ఏడెనిమిది పొడవండి. కొన్ని రకాలు ఉన్న గుంటను పట్టుకునే తవ్వడం మొదలుపెడతాయి.

పెద్దవి పిల్లల వేటను తినవు, పూల తేనె తాగుతాయి. పూతకొచ్చిన కొత్తిమీర, సోంపు, తులసి, తుమ్మి, గడ్డి చేమంతి దగ్గరలో ఉండాలి. ఆముదం మొక్క ఆకు కాడల మీది తేనె గ్రంథుల దగ్గరా, అలసంద పాదు దగ్గరా కూడా కనిపిస్తాయి. మిడతలూ గొంగళ్లూ లేని తోటలో తిన్నె ఎంత బాగున్నా ఖాళీగానే ఉంటుంది. మందు కొట్టే పెరట్లో, ఇంటి పునాదికి చెదల మందు పోసిన చోట తిన్నె పెట్టడం దండగ.

గమనించడం

ఎండ ఎక్కాక, పీట మీద ఐదు అడుగుల దూరంలో, మీ నీడ గూటి మీద పడకుండా కూర్చోండి. గూటికి గుర్తుగా పుల్ల గుచ్చాలంటే అడుగు దూరంలో, అదీ కందిరీగ లోపల ఉన్నప్పుడే. తల్లి వేటకు వెళ్లిన తర్వాత గూటి దగ్గర పుల్లా రాయీ ఏదీ కదపవద్దు. దానికి కారణం కింది పరీక్షే చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని హుల్‌షోర్స్ట్ ఇసుకనేలల్లో జంతు ప్రవర్తన పరిశోధకుడు టిన్‌బెర్గెన్ తేనెటీగలను వేటాడే కందిరీగ మీద చేసి 1932లో ప్రచురించినది ఇది. తర్వాత 1973లో నోబెల్ పంచుకున్నవాళ్లలో ఆయనొకరు. ఆయన పైన్ కాయలు వాడాడు, మనకు సరుగుడు కాయలు సరిపోతాయి.

1. కందిరీగ లోపల తవ్వుతున్నప్పుడు రంధ్రం చుట్టూ అర అడుగు దూరంలో పదహారు ఇరవై సరుగుడు కాయలు వలయంగా పెట్టండి.
2. అది బయటికొచ్చి గూటి వైపు మొహం పెట్టి, అటూ ఇటూ వంపులు తిరుగుతూ వెనక్కి ఎగురుతుంది. పరిసరాలను గుర్తుపెట్టుకునే ఎగురుడు ఇది. ఇది జరగకపోతే పరీక్ష పనికిరాదు.
3. ఒక రోజు ఆ వలయంతోనే వచ్చిపోనివ్వండి.
4. అది వేటకెళ్లినప్పుడు వలయం మొత్తం అడుగు పక్కకు జరపండి.
5. తిరిగి వచ్చి ఎక్కడ దిగిందో చూసి, వెంటనే వలయాన్ని పాత చోటికి చేర్చండి.

వలయం మధ్యలోని ఉత్త ఇసుకలో దిగి వెతికితే అది గూటి వాసనను కాకుండా కంటి గుర్తులను నమ్ముకుందని తేలినట్టే. ఆలస్యం చేయవద్దన్నది మర్యాద కోసం కాదు. వేటతో తిరుగుతున్న కందిరీగ వెనక చిన్న బూడిదరంగు ఈగలు కొద్ది అంగుళాల ఎడంలో గాలిలో నిలబడి ఉంటాయి. అవి వేట మీద బతికున్న పిల్లల్ని జారవిడుస్తాయి, ఆ పిల్లలు గుడ్డునూ ఆహారాన్నీ తినేస్తాయి.

సొరంగం ఆకారం చూడాలంటే నోటికి సాలెగూడు పట్టిన, వదిలేసిన రంధ్రంలోనే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయండి: పొడి రెండు కప్పులు, నీళ్లు ఒక కప్పు, గరాటుతో, చిక్కబడకముందే. గంట ఆగి పక్కనుంచి తవ్వండి.

ఏం చెడుతుంది

కోళ్లుంటే తిన్నె మిగలదు, గెలికేస్తాయి. పిల్లులు ఇసుకలో మలవిసర్జన చేస్తాయి. రెండిటికీ రెండు అంగుళాల కన్నుల ఇనుప జాలీ నాలుగు అంగుళాల ఎత్తున కడితే సరిపోతుంది, లేదా రేగుకంప పరవండి. చీమలు తిన్నెలో పుట్ట పెడితే మందు చల్లకూడదు. మొదట్లోనే మరిగే నీళ్లు ఆ ఒక్క చోట పోయాలి, ఇంకా గూళ్లు లేనప్పుడు మాత్రమే. గడ్డి చేత్తో పీకండి, పారతో చెక్కవద్దు.

ఎర్రగా, నూగుతో, రెక్కల్లేకుండా చీమలా కనిపించేది గూళ్ల మధ్య తిరుగుతుంటే ముట్టుకోవద్దు. అది వెల్వెట్ చీమ, నిజానికి రెక్కల్లేని ఆడ కందిరీగే, చాలా నొప్పిగా కుడుతుంది, మూసిన గూళ్లలోని పిల్లల మీద తన గుడ్లు పెడుతుంది. ఇవీ, ఆ బూడిద ఈగలూ కనిపించాయంటే తిన్నె నిండుతోందని అర్థం. వాటిని చంపి కందిరీగలను కాపాడాలని చూడకండి.

ఎవరికైనా కందిరీగ కుట్టాక పెదాలు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తిన్నె దగ్గర చెప్పులతో తిరగడం అందరికీ మంచిది.

కట్టుబడి ఇసుక కుప్పలో గూళ్లు పడి, ఆ ఇసుక వాడక తప్పకపోతే నీడ వైపు నుంచి తోడుకుంటూ రండి. ఎండ పడే వైపు చివరికి ఉంచండి. పారలో గోధుమరంగు కాగితంలాంటి పట్టుగూళ్లు పడితే చిదపకుండా ఏరి, గాజుసీసాలో రెండు అంగుళాలు కాస్త చెమ్మ ఉన్న ఇసుక వేసి దాని మీద పెట్టి, మూతికి దోమతెర గుడ్డ కట్టి నీడలో ఉంచండి. పదిహేను రోజులకోసారి అంచు వెంట నాలుగు చుక్కలు నీళ్లు వేస్తే చాలు, గూళ్ల మీద పడకూడదు. తొలకరి తర్వాత రోజూ ఉదయం చూడండి. రెక్కలతో కదులుతున్నది కనిపిస్తే ఎండ వచ్చాక సీసాను పూలమొక్కల దగ్గర పడుకోబెట్టి గుడ్డ తీసేయండి.